బిందె పలికిన మధ్యాహ్నం

చనిపోయి నాలుగు నెలలైనా బిందెల సేటు రోజూ పొద్దున పదింటికి మా వీధిలోంచి వెళ్లేవాడు. ఆటోలో. పైన కట్టిన మైకులోంచి "రండ్రి అమ్మా, రండ్రి అక్కా, బిందె కొట్టి సూసి కొనుక్కోండ్రి" అని పిలిచి, ఉంగరపు వేలితో బిందె మీద ఒక్కటి కొట్టేవాడు. టంగ్ మనేది. వరంగల్ పాత బజారులో ఆయనది స్టీలు సామాన్ల దుకాణం. ఆ ప్రకటన ఆయనే రాసుకుని, ఆయనే చెప్పి, ఎప్పుడో రికార్డు చేయించుకున్నాడు. ఇటు ధర్మసాగర్ నుంచి అటు రఘునాథపల్లి దాకా ఆ గొంతు వినని వంటిల్లు లేదు. మా వీధి చివరి ముసలామె ఆటో రాగానే తలుపులు మూసేది. భయమా అవ్వా అని అడిగాను ఒకసారి.

"భయమెందుకురా, చెవులు పోతానయ్" అంది.

ప్రకటనలకు మాటలు రాయడం, గొంతు ఇవ్వడం నా పని. హనుమకొండలో ఒక దర్జీ దుకాణం పైన ఒక అన్న స్టూడియో నడుపుతాడు. స్టూడియో అంటే ఒక గది, గోడల నిండా బొంతలు, కిటికీకి అడ్డంగా పరుపు, మధ్యలో మైకు. నేను నోరు చేస్తాను, అన్న దాన్ని శుభ్రం చేస్తాడు. ఫంక్షన్ హాలు, కోచింగ్ సెంటరు, మొలల మందు, ఈ ఊళ్లో అన్నింటికీ నా గొంతే. మా అమ్మ చుట్టాలకు మొదటి రెండే చెబుతుంది.

ఒకరోజు ఆ సేటు కొడుకు మెట్లెక్కి వచ్చాడు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దవాడు.

"దుకాణం హన్మకొండ మెయిన్ రోడ్డుకు మారుస్తానం తమ్మీ. పాతది మూసుడే. ఆ గల్లీలకు కారు రాదు, బండి ఆగదు. ఈ ముచ్చట బాపు గొంతుతోనే చెప్పియ్యాలె. లేకుంటే జనం నమ్మరు."

మనిషి తప్పేమీ మాట్లాడలేదు. చిక్కల్లా ఒక్కటే. ఆ గల్లీ వదిలి రానని సేటు బతికినన్నాళ్లూ అంటూనే ఉన్నాడు. ఆయన పోయాక ఆయన భార్య రోజూ వెళ్లి అదే దుకాణంలో, అదే గద్దె మీద కూర్చుంటోంది. తాళం ఆమె కొంగుకే ఉంది. కొడుకుతో ఆమె ఒకే మాట చెప్పిందట: "మీ బాపే అన్నట్టు నాకు అనిపియ్యాలె. అనిపిస్తె తాళం నీ చేతుల పెడ్త. లేకుంటె నేను ఆడ్నే కూసుంట."

అంటే ఒక మనిషి జన్మలో అనని మాటను, పోయాక ఆయన చేత అనిపించాలి. మొలల మందు ప్రకటనే నయం.

ముందు అన్న తనే ప్రయత్నించాడు. పాత రికార్డింగు కంప్యూటరుకు వినిపించి, ఆ గొంతును అచ్చు దించే సాఫ్ట్‌వేరుతో కొత్త వాక్యం చెప్పించాడు. అచ్చంగా సేటే. నా వెన్నులో చల్లగా పాకింది. ఏసీ అనుకున్నాను, తరువాత మాకు ఏసీ లేదని గుర్తొచ్చింది. ఫోన్‌లో విని సేటు భార్య అంది:

"గొంతు ఆయనదే. కని అండ్ల మనిషి లేడు."

అన్న నొచ్చుకున్నాడు. రెండు రోజులు తల పట్టుకున్నాక అసలు సంగతి బయటపడింది. ఏ రికార్డింగు చేతికొచ్చినా ముందు చెత్త ఏరేయడం అన్నకు అలవాటు. ఫ్యాను రొద, కుర్చీ కిర్రు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి, అన్నీ ఆయన లెక్కలో చెత్తే. సేటు గొంతునూ అలాగే కడిగి యంత్రానికి పెట్టాడు. ఆ మనిషికి ఈ లోకంలో మిగిలిందే నాలుగు ఊపిరులు. వాటిని కూడా మా అన్న వృత్తిధర్మంగా తీసేశాడు.

ఇక మిగిలింది నా మిమిక్రీ.

ఆమె కొడుకుతో కలిసి మధ్యాహ్నం వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. అందులోంచి ఒక బిందె తీసి మైకుకు కాస్త అవతల స్టూలు మీద పెట్టింది. పాతది, నడుము దగ్గర చిన్న సొట్ట.

"ఇదెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఆయన మాట్లాడితే ఇది పల్కుతది. దుకాణంల ఆయన బేరం జేస్తాంటే ఎనుకనుంచి గుంయ్ అనేది. వీడు సిన్నప్పుడు దీనికి చెవి వెట్టి కూసుండేటోడు."

కొడుకు సిగ్గుపడి నేల చూశాడు. అంటే నన్ను పరీక్షించేది ఆమె కాదు, బిందె. సరే, ఇంతకన్నా తెలివి తక్కువ క్లయింట్లను చూశాం అనుకున్నాను.

చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపేశాం. వెలుతురు కంప్యూటరు తెరదే. నేను చెప్పడం, ఆమె తల అడ్డంగా ఊపడం.

"ముక్కులకెల్లి తీస్తానవ్ బిడ్డా. ఆయనకు పొట్టలకెల్లి వస్తది."

పొట్టలోంచి తీశాను.

"నిలవడి మాట్లాడడు. కూసో. ఎడమ మోకాలు మీద చెయ్యి వెట్టు."

కూర్చున్నాను. "రండ్రి అనేటందుకు ముందు గొంతు సవరించుకుంటడు" అన్నాడు కొడుకు. సవరించుకున్నాను. అన్న పాత రికార్డింగు మళ్లీ తీసి, తను చెత్త అనుకున్న ఊపిరులు ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు కాగితం మీద గీసి ఇచ్చాడు. ఇక్కడ పీల్చు, ఇక్కడ వదులు. నలుగురం కలిసి ఒక మనిషిని ముక్క ముక్కగా కుడుతున్నాం. కింద దర్జీ మిషను కూడా మా పనే చేస్తున్నట్టు టకటకలాడుతోంది. ఇంకొన్ని టేకుల తరువాత కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గొంతు కుదిరిందని నాకు అప్పుడే తెలిసింది. నా వేళ్లు మోకాలి మీద బరువుగా, ఇంకెవరివో పెట్టినట్టు ఉన్నాయి. తిమ్మిరి.

"మన దుకాణం హన్మకొండకు మారింది" అన్నాను ఆ గొంతుతో. బిందె ఉలకలేదు. మళ్లీ అన్నాను. ఉలకలేదు.

కింద దర్జీ అన్నానికి లేచినట్టున్నాడు. మిషను ఆగింది. బొంతల గదిలో నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దంలా ఉండదు, చెవుల్లో దూది కుక్కినట్టు ఉంటుంది. ఆమె నా వైపు చూడలేదు. బిందె వైపు చూస్తూ, ఇంట్లో మంచం మీద పడుకున్న మనిషిని అడిగినంత మామూలుగా అడిగింది:

"ఏమయ్యా, పోదామా మరి?"

నాకెవరూ దీనికి జవాబు రాసివ్వలేదు. నేనూ ఏమీ అనుకోలేదు. నా నోరు తెరుచుకుంది.

"నేను రాను. వాణ్ని పోనీ."

బిందె పలికింది. గుంయ్ మని, సన్నగా, నేను నోరు మూసినాక కూడా.

నిజం చెప్పాలి. ఎక్కడ ఖాళీ కనిపించినా నా నోరు ఊరుకోదు. బడిలో హాజరు తీసేటప్పుడు రాని వాళ్లందరి తరఫునా నేనే పలికేవాణ్ని. ఇదీ అలాంటిదే అయ్యుంటుంది. అన్న కూడా వెంటనే వివరించాడు.

"రెజొనెన్స్ తమ్మీ. ఖాళీ పాత్రకు సరైన శ్రుతి తగిల్తె మోగుతది. ఫికర్ జెయ్యకు, సైన్సు."

ఆ మాట చెప్పేసరికి ఆయన కుర్చీ బిందెకు రెండడుగులు వెనక్కి జరిగి ఉంది.

"అమ్మా, అది ఈ పోరడు అన్నడే!" అన్నాడు కొడుకు.

"ఎవలంటే ఏంది? పల్కింది ఇన్నవా లేదా?"

విన్నాడు. చిన్నప్పుడు చెవి పెట్టి విన్నవాడు కదా, ఏది ఏ మోతో మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు. వచ్చి బిందె మీద అరచెయ్యి ఆనించాడు. మోత ఆగింది. చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేదు. తరువాత "పోదాం పా అమ్మా" అన్నాడు. తాళం మాట ఎత్తలేదు. ఆమె బిందెను గుడ్డ సంచిలో పెట్టి, మూతి బిగించి కట్టింది.

వాళ్లు వెళ్లాక అన్న ఆ టేకు వినిపించాడు. ఆమె ప్రశ్న, తరువాత ఒక బరువైన ఊపిరి, తరువాత నా జవాబు. ఆ ఊపిరి కాగితం మీద గీసిన వాటిలో లేదు. "నీదేనా?" అన్నాడు అన్న. "ఇంకెవరిది, అద్దెకు తెచ్చానా" అన్నాను. అన్న దాన్ని చెత్త కింద తీసెయ్యలేదు. నాకు తెలిసి అది మొదటిసారి.

కొడుకు హనుమకొండలో కొత్త దుకాణం తెరిచాడు. ప్రకటన తన గొంతుతోనే చెప్పుకున్నాడు, గ్యాస్ బుకింగ్ ఫోన్‌లో వినిపించే గొంతులా ఉంటుంది. పాత బజారు దుకాణం అలాగే ఉంది. ఆమె అదే గద్దె మీద కూర్చుంటుంది. పాత ఆటో పాత గొంతుతో మా వీధిలోంచి వెళుతుంది, ముసలామె తలుపులు మూస్తుంది.

ఆ గొంతు నేను మళ్లీ తియ్యలేదు. ఒక్కసారి మాత్రం స్నానాలగదిలో బకెట్టు ముందు ప్రయత్నించాను. ఏమీ కాలేదు. బకెట్టు ప్లాస్టిక్కుది.

మొన్న మా అమ్మ డబ్బాలు తెమ్మంటే పాత బజారుకు వెళ్లాను. ఆమె గుర్తుపట్టి నవ్వింది. నేను పెద్దగా పలకరించబోతుంటే చెయ్యి ఎత్తి ఆపింది. ఆమె వెనుక అరల నిండా బిందెలు, పైదాకా.

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా" అంది.

వేళ్లతో చూపించి రెండు డబ్బాలు కొనుక్కుని వచ్చేశాను. ఒకదానికి మూత సరిగ్గా పట్టడం లేదు. మార్చుకు రమ్మని అమ్మ రోజూ గొడవ. మార్చాలంటే వెళ్లి ఆ బిందెల ముందు మాట్లాడాలి.