బస్టాండులో కెమెరా, కిటికీలో బ్యాగు

ప్రయాణికుల భద్రత కోసమని ప్రభుత్వం నిధులిచ్చి మా బస్టాండులో కెమెరాలు పెట్టించినప్పుడు, మొదట వెక్కిరించింది నేనే. "కుర్చీలకు కాళ్ళు లేవు గానీ స్తంభాలకు కళ్ళొచ్చినాయప్పా," అని టీకొట్టు దగ్గర అందరినీ నవ్వించాను. మనిషి దగ్గర ఇనుముంటే కూతపెట్టే గుమ్మం కూడా ఒకటి వచ్చింది. దానికెవరో నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. జనం మాత్రం దాని పక్కనుంచే నడిచిపోయేవాళ్ళు.

మా దగ్గర బస్సెక్కడమంటే ముందు కిటికీలోంచి తువ్వాలో, సంచో వెయ్యాలి. ఇక ఆ సీటు మనదే. ఎంతటివాడైనా అందులో కూర్చోవడానికి జంకుతాడు. ఆ రోజు కడప బస్సు రాగానే నేనూ బ్యాగు వేశాను. అందులో మా అమ్మాయి సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి. మర్నాడు కడపలో ఉద్యోగం కోసం చూపించాల్సినవి. తోసుకుంటూ లోపలికి వెళ్ళేసరికి ఆ సీటులో ఒక అవ్వ, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుంది. బ్యాగు లేదు.

"నా బ్యాగు యాడ పెట్టినావు?"

"ఈడ ఏ బ్యాగూ లేదు నాయనా. నేనొచ్చేతలికి సీటు ఖాళీగా ఉండాది."

నాకు నోరు ముందు పోతుంది, బుద్ధి తీరిగ్గా వెనక వస్తుంది. బస్సంతా వినేలా "దొంగ!" అని అరిచాను. కానిస్టేబుల్ వచ్చి, అవ్వను దించి, ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా మూట విప్పించాడు. రెండు చీరలు, ఒక బైబిలు, కాసిని చెనిక్కాయలు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"ఆ కెమెరాలు ఎందుకుండాయప్పా? చూడండి," అంది.

ముగ్గురం కెమెరా గదిలోకి వెళ్ళాం. తెర మీద ఒక బట్టతలాయన, పక్కనున్న శ్రీశైలం బస్సు కిటికీలోంచి బ్యాగు వేసి, దర్జాగా వచ్చి కడప బస్సెక్కుతున్నాడు. ఎవడీ తిక్కలోడు అనుకున్నాను.

"సార్, అది మీరే కదా?" అన్నాడు కానిస్టేబుల్.

శ్రీశైలం బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే, బ్యాగు భద్రంగా ఉందని, వచ్చే స్టాండులో అప్పగిస్తానని కండక్టరు చెప్పాడు. జనం నిలబడే ప్రయాణిస్తున్నారట గానీ, బ్యాగున్న సీటులో ఎవరూ కూర్చోలేదట. నాకు ప్రాణం లేచొచ్చింది. అవ్వకు ఒక దండం పెట్టి జారుకోబోయాను.

"నాయనా, నన్ను దొంగంటివే, అది గూడ దీంట్లో పడిందా?" అని అడిగింది.

"మాట పడదవ్వా, బొమ్మ ఒక్కటే," అన్నాడు కానిస్టేబుల్.

"అట్లయితే నేను దొంగను గాదని ఈ గదిలో మనకే తెలిసె. బయట నిలబడినోళ్ళకు ఎట్ల తెలుస్తాదప్పా?"

నాకు తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చి, ప్లాట్‌ఫారం మీద నిలబడి, "ఈయమ్మ దొంగ కాదు, తప్పు నాది!" అని అరిచాను.

"ఆ ఎనక ఉండేవాళ్ళకు ఇనపడల్యా," అంది అవ్వ.

మళ్ళీ అరిచాను.