గురువారం కాని రోజు లోబాన్ వాసన

మా ఇంట్లో ఆ వాసన మొదటిసారి వచ్చింది ఒక సోమవారం మధ్యాహ్నం. లోబాన్, అంటే సాంబ్రాణి పొగ, వేసే బాబా చనిపోయి అప్పటికి నెల దాటింది.

పాతబస్తీ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ప్రతి గురువారం సాయంత్రం ఆ ముసలాయన గొలుసుకు వేలాడే ధూపదాని పట్టుకుని, నెమలీకల కట్టతో పొగ విసురుతూ మా గల్లీలో ఒక్కో దుకాణమూ తిరిగేవాడు. గల్లాపెట్టెకు పొగ చూపేవాడు, తక్కెడకు చూపేవాడు. ఎవరి దేవుడు ఎవరని అడిగేవాడు కాదు. తలుపు తెరిచి ఉంటే లోపలికి వచ్చేవాడు.

మాకు గల్లాపెట్టె లేదు. ముందుగదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. బల్ల మీద చోటు చాలక తెర నా ముందు, దాని పెట్టె నా కుర్చీ వెనక ఉంటాయి. నయాపూల్ దగ్గర కోర్టు వకీళ్లకు తెలుగు దరఖాస్తులు టైపు చేసి ఇస్తాను. అదే మా బతుకు. అందుకని మా ఆమె బాబాను నేరుగా కంప్యూటర్ వెనక్కి తీసుకుపోయేది.

"గిదే మా గల్లా, బాబా. మంచిగ పట్టు."

ఆయన మంచిగానే పట్టేవాడు. నాకు ఒళ్లు మండేది. బడి సగంలో ఆగినా, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి తెలుగు, మిషన్ల మీద రాసినది చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ని. యంత్రానికి ధూపమేమిటి? అడిగితే మా ఆమె, "నీ డబ్బా నడుస్తుంది గద, ఇంకేంది నీ లొల్లి" అనేది.

ఆ సోమవారం నేను టైపు చేస్తుంటే ఆమె వంటింట్లోంచి వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఇయ్యాల గురువారమా?"

"సోమవారం."

"మరి బాబా వాసనేంది?"

నాకూ తగిలింది. బొగ్గు నిప్పు మీద కరిగే సాంబ్రాణి వాసన, అచ్చం అదే. దానితోపాటు ఒక సన్నటి చప్పుడు, గొలుసు కదిలినట్టు, ఆగి ఆగి. లేచి వీధిలోకి చూశాను. తెల్లటి ఎండ. ఒక మేక తప్ప ఎవరూ లేరు. తిరిగి వచ్చి కూర్చోగానే చప్పుడు నా వీపు వెనక నుంచే వస్తున్నట్టు తోచింది.

తరువాత అది రోజూ రాసాగింది. గురువారం, శుక్రవారం అన్న తేడా లేదు. ముందుగది దాటవలసి వస్తే మా ఆమె కొంగు తలమీదికి లాక్కునేది. ఒకరోజు గుడ్డసంచిలో చీరలు సర్దుతూ కనిపించింది.

"బాబా నువ్వు కూసున్నప్పుడే వస్తుండు. నీ ఎనుకనే నిలవడ్తుండు. నాతోని గాదు. గుడిమల్కాపూర్ల మా తమ్మునింటికి వోత. నువ్వొస్తే రా, లేకుంటే నీ డబ్బాతోనే ఉండు."

"పోయినోడు ఎట్లొస్తడే?"

"వచ్చిండు గద. ముక్కు లేదా నీకు?"

ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చినప్పుడు మాకు ఒక చాప, ఒక కుండ తప్ప ఏమీ లేవు. అప్పుడు కూడా ఆమె ఎక్కడికీ పోతాననలేదు. ఆ సంచి మంచం పక్కన ఉన్నన్నాళ్లు నాకు అన్నం సయించలేదు.

ఇదే సమయంలో రోడ్డు తవ్వినవాళ్లు మా గల్లీకి వచ్చే నెట్ తీగ తెంపేశారు. తెంపడానికి పదిమంది వచ్చారు, అతకడానికి ఒక్కడూ రాలేదు. వకీళ్లు కాగితాలన్నీ ఇప్పుడు నెట్‌లోనే పంపుతారు. పై అంతస్తువాళ్లు వాళ్ల వైఫై వాడుకోమన్నారు. దాన్ని అందుకోవడానికి నా కంప్యూటర్‌కు ఒక వైర్‌లెస్ కార్డు కావాలి. దుకాణంవాడు నా కంప్యూటర్ ఏ కాలందో విని నవ్వాడు.

"చాచా, ఆ డబ్బాను ఇడిసిపెట్టుర్రి. కొత్తది తీస్కోర్రి."

"నేను గూడ పాతోన్నే, నన్ను గూడ మార్చుమంటవా? కార్డియ్యి."

ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"నెట్టు తీగ లేకుండ గోడలల్లకెల్లి వస్తదంటవు. గది నువ్వు నమ్ముతవు. నేను బాబా వచ్చిండంటే మాత్రం నాకు పిచ్చి."

నేను కార్డు పెట్టె విప్పాను.

అందులో ఎలా బిగించాలో చెప్పే ఒక కాగితం ఉంది. ప్రపంచంలోని భాషలన్నీ ఉన్నాయి, తెలుగు లేదు, ఉర్దూ లేదు. ఈ ఊళ్లో అమ్ముకోవడానికి మాత్రం మేము కావాలి. తిట్టుకుంటూనే ఇంగ్లీషులో చదివి, చెప్పినట్టే చేశాను. ముందు పాత నెట్ కార్డు సాఫ్ట్‌వేర్ తీసేశాను. నా దరఖాస్తులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, ఒంట్లో పేరుకునే స్టాటిక్ కరెంటు పోవడానికి ఇనుప చట్రాన్ని ముట్టుకున్నాను. కార్డు గుచ్చే ఖాళీ స్లాటు వెతకడానికి కంప్యూటర్ పెట్టె పక్క రేకు విప్పాను.

రేకు ఊడగానే ఆ వాసన నా ముఖం మీదికి వచ్చింది. ఎవరో ధూపదాని మూత తీసినట్టు. నేను భయస్తుణ్ని కాను, కానీ రేకు చేతిలోంచి జారింది.

కాసేపటికి టార్చి వేసి లోపలికి చూశాను. దుమ్ము బూడిద రంగులో ఉంటుంది. ఇది నలుపు. ఫ్యాన్ రెక్కల మీద, దాని కింద వేడి పీల్చే అల్యూమినియం దిమ్మ మీద, జిగురుగా మెరిసే మసి. ఏళ్ల తరబడి ప్రతి గురువారం బాబా వెనక నుంచి పట్టిన పొగనంతా ఆ ఫ్యాన్ లోపలికి లాగి దాచుకుంది. స్లాటు దగ్గర కుంచెతో శుభ్రం చేసి, రేకు వేయకుండానే ప్లగ్గు పెట్టాను. ఎండలు ముదిరాక దిమ్మ మునుపటికన్నా వేడెక్కుతోంది, అందుకే మసి మెత్తబడి వాసన వచ్చింది. రెక్కకు పేరుకున్న పెచ్చు ఫ్యాన్ చట్రం అంచుకు తగిలి గొలుసులా చప్పుడు చేసింది.

విజయం సాధించినవాడిలా కేకేశాను.

"ఇగో చూడు నీ బాబా. రా, నీ కండ్లతోని చూడు."

ఆమె కొంగు కప్పుకుని వచ్చింది. కుర్చీ పట్టుకుని వంగింది. చాలాసేపు వాసన చూసింది, చప్పుడు విన్నది. ఆమె ముఖంలో భయం మెల్లగా కరిగిపోయింది. సంచి ఇక విప్పుతుందని నాకు అర్థమైంది. సంతోషించబోయాను.

"అయితే ఇందుల్నే ఉన్నడా," అన్నది, ఇంట్లో తప్పిపోయిన వస్తువు దొరికినప్పటి గొంతుతో.

"అది మసే. పొగ మసి."

"ఆయన ఊదిన పొగనే గద. ఏడున్నడో తెల్వకనే నా ఫికర్. ఇప్పుడు తెలిసింది." నేను కుంచె ఫ్యాన్ దగ్గరికి తీసుకెళ్తుంటే నా మణికట్టు పట్టుకుంది. "అది ముట్టకు. నీ కార్డు జాగా నువ్వు తుడుసుకున్నవు. ఆయన జాగా ఆయనకియ్యి."

ఫ్యాన్‌ను అలా వదిలేస్తే దిమ్మ ఒకరోజు కాలిపోతుందని చెప్పాను. అప్పటికే ఆమె లోపలికి పోయి చీరలు బీరువాలో పెడుతున్నది. ఆ శబ్దం వింటూ కుంచె కింద పెట్టేశాను. ప్లగ్గు పీకి, స్లాటుకు అడ్డంగా ఉన్న రేకు ముక్క తీసి, కార్డు అందులో గుచ్చి, కంప్యూటర్ పెట్టె మూసేశాను.

వైఫై బాగానే అందుతోంది. వకీళ్ల పనులు వస్తున్నాయి. మా ఆమె ఇప్పుడు ముందుగదికి భయపడదు. మధ్యాహ్నం పూట కంప్యూటర్ వెనక పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తుంది. నేను టైపు చేస్తుండగా గది వేడెక్కి, ఆ వాసన మొదలైనప్పుడు, ఆమె తగ్గు గొంతుతో ఏదో అడుగుతుంది. నన్ను కాదు. తరువాత కాసేపు ఊరుకుంటుంది, ఎవరైనా జవాబు చెప్పడానికి పట్టేంతసేపు. ఆ తరువాత చిన్నగా నవ్వుతుంది.

నేను వెనక్కి తిరగను. టైపు చేస్తూనే ఉంటాను.