ప్రెసీ మాస్టారు

యజ్ఞనారాయణ గారిని ఆఫీసులో అందరూ ప్రెసీ మాస్టారు అనేవాళ్లం. చాటుగా కాదు, మొహం మీదే అనేవాళ్లం. ఆయనకూ ఆ పేరు ముద్దే. కాకినాడలో జీవితమంతా ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. కూతురింట్లో ఊరికే కూర్చోలేక మాదాపూర్‌లో మా కంపెనీలో చేరారు. అమెరికా నుంచి వచ్చే క్యాసెట్లు విని మేం టైపు చేస్తే ఆయన దిద్దేవారు. తొంభై ఎనిమిది నాటి మాట ఇది.

ఆయన క్లాసులో నేర్పిన ప్రెసీ అంటే పెద్ద వ్యాసాన్ని మూడో వంతుకు కుదించి రాయడం. చెప్పిందే మళ్లీ చెప్పకూడదు, మనుషుల పేర్లు రాకూడదు, ఏడుపులు అసలే ఉండకూడదు. ఆ చాదస్తం ఎంత ముదిరిందంటే ఎవరు నోరు తెరిచినా "విషయానికి రా" అనేవారు. పెళ్లి భోజనం గురించి చెప్పబోయినా "బాగుందా, లేదా?" అని తేల్చేసేవారు. నాకు ఒళ్లు మండేది.

ఎక్కువ చీవాట్లు జ్యోతికే. బోరబండలో ఉండేది, వాళ్లది పాలమూరు వైపు. హెడ్‌ఫోన్ తీసిందంటే చాలు, మాటలు మొదలు. వాళ్లన్న శేఖర్ మా ఎదురుగా లేస్తున్న మేడకు సెంట్రింగ్ పని చేసేవాడు. అన్న ఏం తిన్నాడో, మేస్త్రీతో ఏమని పోట్లాడాడో అన్నీ మాకు చెప్పాల్సిందే. "విషయానికి రామ్మా" అనేవారు మాస్టారు.

ఆ ఏడు అమెరికాలోని ఒక ఊరి నుంచి కొత్తరకం క్యాసెట్లు వచ్చాయి. ఇటలీ నుంచి వలస వెళ్లి, ఆ దేశానికి సొరంగాలు తవ్వి, రాళ్లు పేర్చి, రొట్టెలు కాల్చి పెట్టిన ముసలివాళ్ల మాటలవి. అక్కడి సంఘం వాళ్లకు సన్మానం తలపెట్టింది. ఒక్కొక్కరి కథా సభలో చదువుతారట. చదవడానికి వీలుగా చక్కదిద్ది పంపమన్నారు. మాస్టారికి పండగే.

అందులో డొమెనికో అనే ముసలి తాపీమేస్త్రీ ఉన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, దగ్గుతూ, ఏది మొదలుపెట్టినా తమ్ముడు నీనో దగ్గరికే వచ్చేవాడు. "నేనూ నీనో ఓడెక్కాం. నీనోకి సముద్రం పడలేదు. నాకూ నీనోకీ ఒకటే కోటు. వంతెన కట్టేటప్పుడు నీనో నీళ్లలో పడ్డాడు, దొరకలేదు." చివర్లో, ఆ మాటలు రికార్డు చేస్తున్న అమ్మాయితో అన్నాడు: "నా పేరు చదవకపోయినా ఫరవాలేదు. నీనోకి సమాధి కూడా లేదు. ఆ సభలో వాడి పేరు ఒక్కసారి వినపడాలి." జ్యోతి అది టైపు చేస్తూ ఏడ్చింది. తన హెడ్‌ఫోన్ నా చెవికీ పెట్టి వినిపించింది.

మాస్టారు దిద్దాక చూస్తే నీనో లేడు. "ఆ పనిలో నా బంధువొకరు ప్రాణాలు కోల్పోయారు" అని ఒక్క వాక్యం మిగిలింది. చివరి మాటైతే పూర్తిగా కొట్టేశారు.

"సార్, గా పేరు ఉంచుండ్రి. ముసలాయన గదొక్కటే అడుగుతుండు గద," అంది జ్యోతి.

"అది ఆ అమ్మాయితో అన్న మాట తల్లీ, కథలో భాగం కాదు. ఒకే పేరు అన్నిసార్లు వస్తే సభలో ఆవలిస్తారు. అయినా సన్మానం ఈయనకు కదా, తమ్ముడికి కాదుగా?"

ఆయనలో చెడ్డతనం లేదు. ముసలాయన్ను నలుగురిలో పెద్దమనిషిలా నిలబెట్టాలన్న తాపత్రయమే. ఆ పేజీ ఇంగ్లీషు నిజంగానే ఎంతో బాగుంది.

కొన్నాళ్లకు ఓ పొద్దున జ్యోతి పరుగెత్తుకొచ్చింది.

"సార్, మా అన్నకు రాత్రికెల్లి జరముండె. అమ్మ పోవద్దని మస్తు జెప్పింది, ఇనకపాయె. చాయ్ గూడ తాగకుండ..."

"విషయానికి రామ్మా."

"మేడ మీదికెల్లి కిందవడ్డడు సార్. దవాఖానల ఉన్నడు. సెలవు గావాలె."

"అదీ! అలా చెప్పాలి," అని అలవాటుకొద్దీ మెచ్చుకున్నారు. విన్నదేమిటో తలకెక్కి లేచి నిలబడేసరికి పిల్ల మెట్లు దిగిపోయింది. శేఖర్ బతకలేదు.

జ్యోతి మళ్లీ పనిలోకి వచ్చాక హెడ్‌ఫోన్ తీయడం మానేసింది. ఆఫీసు నిశ్శబ్దంగా తయారైంది. మాకెవరికీ ఆ నిశ్శబ్దం నచ్చలేదు.

అప్పుడే, అక్కడ సన్మానం జరిగాక, డొమెనికో కూతురు సంఘం వాళ్ల దగ్గర నంబరు తీసుకుని అమెరికా నుంచి ఫోన్ చేసింది. మాట్లాడింది మాస్టారే. ఆవిడ కోప్పడలేదట. చాలా అందంగా రాశారని ముందు మెచ్చుకుందట. నాన్న ముందు వరసలో చివరిదాకా చెవి రిక్కించి విన్నారంది. అందరూ చప్పట్లు కొట్టినా ఆయన కొట్టలేదట. "ఇంకా అయిపోలేదు, నీనో రాలేదు" అంటూ కుర్చీలోంచి లేవలేదట. దీపాలు ఆర్పేదాకా కూర్చున్నారట. మాస్టారు ఇదంతా మాకు చెప్పారు, ఒక్క ముక్క కుదించకుండా.

ఆ సాయంత్రం జ్యోతి పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, మీ అన్న సంగతి చెప్పు. ఆ రోజు జ్వరమన్నావు, చాయ్ తాగలేదన్నావు. అక్కణ్ణుంచి చెప్పు. ఎంతసేపైనా వింటాను."

జ్యోతి ఆయన మొహంలోకి చూసింది. ఇప్పుడైనా చెబుతుందని నేనూ ఆశపడ్డాను.

"ఏమున్నది సార్. పడ్డడు, పోయిండు."

ఆయన నేర్పినట్టే చెప్పింది, అన్న పేరైనా ఎత్తకుండా. హెడ్‌ఫోన్ పెట్టుకుని టైపు చేసుకుంటూ పోయింది.