పసుపు గడిలో ధాన్యం

గణపవరం నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే రోడ్డు మీద చలికాలంలో పొద్దున్న ఎనిమిదైనా మంచు పూర్తిగా విడిపోదు. రెండు వైపులా చేపల చెరువులే. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, గాలి ఎక్కడ మొదలైందో తెలీదు. చెరువు మధ్యలో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరిగే చప్పుడు వినిపిస్తుంది గానీ అవి కనిపించవు. ఒక్కోసారి గూడబాతు ఒకటి మంచులోంచి వచ్చి నా స్కూటీ పక్కనే కాసేపు ఎగిరి, మళ్లీ మంచులోకే వెళ్లిపోయేది. నా గుండెలకి పాత చీరతో కట్టుకున్న పాప నిద్రలో ఉండేది. ఆ ముప్పావుగంటా నేను కూడా సగం కలలోనే ఉండేదాన్ని. బండి మీద ఉన్నంతసేపూ నా కాలు నాకు గుర్తుండేది కాదు.

నా ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోకి చచ్చుబడింది. ఎడమ చెయ్యి తొడ మీద ఆనించి, ఒంగి లేస్తూ నడుస్తాను. ఏలూరులో స్కూటీకి సైడు చక్రాలు వేయించుకున్న రోజు నుంచీ ఎక్కడికైనా ఒక్కదాన్నే వెళ్తాను. దిగిన తర్వాతే నా కష్టాలన్నీ.

పాప నెలలు నిండకుండా పుట్టింది. బతుకుతుందో లేదో అన్నారు, బతికింది. పదిహేను రోజులకోసారి తీసుకొచ్చి తూకం చూపించమన్నారు. మా ఆయన కలిదిండి వైపు చేపల చెరువుల మీద పని చేస్తారు. తెల్లారేసరికి మేత వేయడానికి వెళ్లిపోవాలి. అందుకని పాపని తీసుకెళ్లడం నా వంతైంది. నిజం చెప్పాలంటే, ఆయన సెలవు పెడతానన్నా నేను వద్దనేదాన్ని. ఈ ఒక్క పనీ నేనే చెయ్యాలనుకున్నాను. నా బిడ్డని నేనే ఎత్తుకుని డాక్టరు గదిలోకి వెళ్లాలి. అంతకంటే పెద్ద కోరిక ఆ ఏడాది నాకు లేదు.

ఆ పిల్లల ఆసుపత్రి గూడెం ఊరి చివర, పొలాల మధ్య కొత్తగా కట్టింది. గుమ్మం దాకా నున్నటి ర్యాంపు వేశారు. దాన్ని ఆనుకుని నేల మీద పసుపు రంగుతో పెద్ద గడి గీసి, మధ్యలో చక్రాల కుర్చీ బొమ్మ వేశారు. అక్కడ బండి ఆపితే గుమ్మానికి పదకొండు అడుగులు. పదకొండు అడుగులు పాపని కుడి చంకనేసుకుని నడవగలను. చీరతో ముందు కట్టుకునే నడవచ్చు కదా అంటారేమో, ఒంగినప్పుడల్లా ఆ బరువు నన్ను ముందుకి లాగేస్తుంది. ఇక దూరంగా కంకర మీద ఆపాల్సి వస్తే చంకన పిల్లతో నేను పది గజాలు కూడా వెళ్లలేను.

ఆ గడి ఏనాడూ ఖాళీగా ఉండేది కాదు. నాలుగు మోటారు సైకిళ్లు, వాటికి వేలాడే సంచులు, ఒక్కోసారి గడ్డిమోపు కూడా. బండి తీయండి అని నేను కేకేస్తే ముగ్గురు నలుగురు పరుగెత్తుకొచ్చేవాళ్లు.

“అయ్యో, ఎంత మాటండీ! ఒక్క కేకేస్తే తీసేద్దుం కదండీ.”

“ఇప్పుడు అదే కదండీ వేసింది!”

“ఎండలో బండి మీద అలా కూర్చోకండమ్మా. పాపని ఇలా ఇవ్వండి.”

బళ్లు ఒకదానికొకటి అడ్డం. అవి బయటికి రావాలంటే లోపలున్న ఇంకో ఇద్దరు రావాలి. ఈలోగా ఎవరో ఒకావిడ నా గుండెల మీది ముడి విప్పి పాపని అందుకునేది. ఆమె చేతుల్లోంచి ఇంకొకావిడ చేతుల్లోకి, అక్కడినుంచి లోపలికి. తిట్టేవాళ్ల మీద కోపం తెచ్చుకోవచ్చు. ఏవండీ అని పిలిచి, చల్లటి మంచినీళ్లిచ్చి, మీ బిడ్డని మేం మోస్తామనే వాళ్లని ఏమంటాం? నాకు మాత్రం కోపం వచ్చేది, బాగానే వచ్చేది. నన్ను మొయ్యడానికి పదిమంది ఉన్నారు, నాకోసం నాలుగు గజాల నేల వదిలేవాడు ఒక్కడూ లేడు.

ఒకరోజు నేను లోపలికి చేరేసరికి పాప ఎవరో తెలియని ఆవిడ ఒళ్లో కూర్చుని బిస్కెట్టు చీకుతోంది. నర్సు వచ్చి, “పాప తాలూకు ఎవరండీ?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆ ఒళ్లో కూర్చోబెట్టుకున్నావిడనే పాలు ఎలా తాగుతోందని అడిగింది. ఆవిడ పాపం నా వైపు చూపించింది. నర్సు నన్నూ, నా కాలినీ చూసి, “మీరు కూర్చోండమ్మా” అంది. ఆ రోజు తిరిగొస్తూ గణపవరం దాకా ఏడ్చాను. చెరువుల మధ్య దారిలో ఎవరూ చూడలేదు.

మా వైపు జనం మీద అప్పుడు పట్టరాని కోపం ఉన్నా, ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఈ డెల్టాలో ఖాళీ అన్నది ఎవరికీ కంట పడకూడదు. నేలంటే వరైనా ఉండాలి, చేపైనా ఉండాలి. గట్టు మీద జానెడు జాగా ఉంటే కంది గింజలు నాటుతారు. అలాంటి వాళ్ల ముందు పట్టపగలు అంత నున్నటి సిమెంటు నేల ఊరికే పడుంటే వాళ్ల ప్రాణం ఎలా ఊరుకుంటుంది?

ఆసుపత్రికి ఒక కాపలాదారు ఉండేవాడు, అరవై దాటిన మనిషి. కొల్లేటి ఊళ్లవాడు. అంతకుముందు చాలా ఏళ్లు చేపల చెరువుల గట్ల మీద తిరుగుతూ పిట్టల్ని తోలే పని చేశాడట. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు, అడుగు చప్పుడు కాకుండా నడిచేవాడు. ఆ రోజు నేను కళ్లు తుడుచుకుంటూ బండెక్కడం అతను చూశాడు. తర్వాతిసారి నేనొచ్చేసరికి గడికి తాడు కట్టాడు. తాడు పైకెత్తి బళ్లు దూర్చారు. ఇటుక పెట్టాడు. ఎవరో ఆ ఇటుకని పక్కకి జరిపి బండి పెట్టుకుని, జారకుండా దాన్నే చక్రం కింద అడ్డేశారు.

“పిట్టలే నయమండమ్మా. ఓసారి తోలితే కాసేపైనా రావు” అన్నాడు నాతో.

ఈలోగా పాప పెరుగుతోంది. తూకం ముల్లు ఒక్కో గీత దాటినప్పుడల్లా డాక్టరు గారు మెచ్చుకునేవారు. నేనూ మురిసిపోయేదాన్ని. కానీ మురిపెంతో పాటు భయం కూడా వేసేది. నా కుడి చంక మొయ్యగలిగే బరువు ఎంతో నాకు తెలుసు. పాప ఆ బరువుకి చేరేలోగా ఆ గడి ఒక్కసారైనా ఖాళీగా దొరుకుతుందా అని లెక్క వేసుకునేదాన్ని. బిడ్డ పెరగాలనీ, ఇంకొన్నాళ్లు తేలిగ్గానే ఉండాలనీ ఒకేసారి కోరుకున్న తల్లిని నేను.

ఎండలు ముదిరి, రెండో పంట దాళ్వా కోతలు మొదలయ్యాయి. ఆసుపత్రి చుట్టూ పొలాలు బంగారు రంగు తేలి, తర్వాత బోసిపోయాయి. రోడ్డు పొడుగునా ధాన్యం ఎండబోశారు. ఆ ఎండలో, ఆ వాసనలో బండి దానంతటదే వెళ్తున్నట్టుండేది. అలాగే మత్తుగా వచ్చి గేటులో ఆగి చూస్తే, పసుపు గడి నిండా ధాన్యం!

నాకు ఒళ్లు మండిపోయింది. “ఇక ఇదొక్కటే తక్కువైంది! రేపు నాట్లు కూడా వేసుకోండి ఇందులో” అని గట్టిగా అరిచాను.

కాపలాదారు చీపురు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. “కాస్త ఆగండమ్మా. అటు చూడండి.”

అప్పుడు చూశాను. గడిలో ఒక్క బండీ లేదు. నా కళ్లెదుటే ఒకాయన మోటారు సైకిలు దర్జాగా తెచ్చి, గడి అంచున గబుక్కున బ్రేకు వేసి, “అయ్యో, ధాన్యం” అని తనలో తనే అనుకుని, బండిని తోసుకుంటూ ఎక్కడో గోడవతలికి పోయాడు. చెప్పుకాలు పొరపాటున గింజకి తగిలితే వేళ్లతో కళ్లకద్దుకునే మనుషులం. బొమ్మ చూసి ఆగనివాడు, తాడుకి ఆగనివాడు, గుప్పెడు ధాన్యానికి ఆగాడు.

“పక్క చేను రైతుగార్ని ఓ బుట్ట అడిగి తెచ్చానండి. మీరొచ్చే రోజు పొద్దున్నే పోస్తాను, మీరు వెళ్లాక ఎత్తేస్తాను” అన్నాడు. చీపురుతో గింజల్ని అటూ ఇటూ నెట్టి నా నాలుగు చక్రాలకీ సరిపోయేటంత దారి చేశాడు. ఒక్క గింజ కూడా నలగలేదు.

నేను బండి ఆపాను. చీర ముడి నేనే విప్పాను. పాపని కుడి చంకనేసుకుని, ఎడమ చెయ్యి తొడ మీద పెట్టి లేచాను. వరండాలోంచి ఒకాయన కంగారుగా దిగొస్తూ, “అయ్యయ్యో, పాపని ఇలా ఇవ్వండమ్మా” అన్నాడు.

“ఉండండి బాబూ. ఆవిడ బిడ్డ, ఆవిడే తెచ్చుకుంటారు” అన్నాడు కాపలాదారు, చీపురు అడ్డం పెట్టి.

పదకొండు అడుగులు. పాప నేను ఒంగినప్పుడు ఒంగుతూ, లేచినప్పుడు లేస్తూ కిలకిలా నవ్వింది. నేను నడుస్తుంటే ఉయ్యాల ఊగినట్టు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. నర్సు వచ్చి, “పాప తాలూకు ఎవరండీ?” అంది. “నేనండీ!” అన్నాను. మరీ గట్టిగా అన్నానేమో, వరండాలో అందరూ తిరిగి చూశారు.

అలా మొత్తం నాలుగుసార్లు మోశాను. ఐదోసారి గడి ఖాళీగానే ఉంది, ధాన్యం పోసే ఉంది. పాపని ఎత్తుకుని లేవబోతే ఆ బరువుకి మళ్లీ సీటు మీద కూలబడ్డాను. ఇంకోసారి లేవబోయాను. అంతే, నా వల్ల కాలేదు. వరండాలో వాళ్లు చూస్తున్నారు గానీ, కాపలాదారుకి భయపడి ఎవరూ దిగి రాలేదు. అతనూ చెయ్యి చాచలేదు. చీపురు గోడకి ఆనించి, ఊరికే నిలబడ్డాడు.

కాసేపటికి నేనే పాపని అతని వైపు చాచాను. “తీసుకోండి బాబాయ్” అన్నాను. కళ్లు నిండాయి గానీ, అది గణపవరం దారిలో ఏడ్చిన ఏడుపు కాదు. అప్పుడు తీసేసుకున్నారు, ఇప్పుడు నేను ఇచ్చాను.

అతను పాపని ముఖం నావైపు ఉండేలా ఎత్తుకున్నాడు. ర్యాంపు మీద నాకేసి చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. నేను ఒక అడుగు వేస్తే అతను ఒక అడుగు, నేను ఆగితే అతనూ ఆగడం. పదకొండు అడుగులూ పాప నన్నే చూస్తూ చేతులు ఊపింది. గుమ్మంలో నర్సు పాపని అందుకోబోతూ, “పాప తాలూకు ఎవరండీ?” అని అడిగింది. అతను పాపని ఇవ్వలేదు.

“వస్తన్నారండి” అన్నాడు, నేను గుమ్మం చేరేదాకా అక్కడే నిలబడి.