పిలిచేది శేషమ్మ

బోగోలు చుట్టుపక్కల రొయ్యల గుంటలున్న వాళ్ళందరికీ వెంకటశేషమ్మ ఫోన్ నంబరు నోటికి వచ్చు. రొయ్యలు పట్టే రోజున వాటిని ఏరి, సైజుల వారీగా వేరుచేసే ఆడకూలీలకు ఆమె మేస్త్రి. మగ మేస్త్రీలు బతిమాలినా కదలని ఆడవాళ్ళు, శేషమ్మ "ఏమ్మే, బయలుదేరండి" అని ఒక్క కేక వేస్తే అన్నం గిన్నె మీద మూత పెట్టి వచ్చేస్తారు. నోరు పెద్దదే. అయితే ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు గుమ్మంలో నిలబడేదీ ఆమే.

అలాంటి శేషమ్మ కూతురి పెళ్ళికి శుభలేఖలు వేయించడానికి కావలి వచ్చింది. వెంట పెళ్ళికూతురు సాయిలక్ష్మి, భర్తకు అన్న, శేషమ్మకు బావగారు అయిన మునెయ్య.

షాపు నడిపే ఆనందకుమారి బల్ల నిండా కార్డులు పరిచింది. మూత తీస్తే పాట పాడేది ఒకటి, మిఠాయి పెట్టెలా ఉన్నది ఒకటి. శేషమ్మ ప్రతిదాన్నీ బొటనవేలితో నొక్కి చూసింది.

"ఇదేందమ్మా, అప్పడం మాదిరుంది. మా సముద్రం గాలికి రెండు రోజుల్లో మెత్తబడతాది. గట్టిది చూపించు."

కవరు మీద వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న కార్డు మునెయ్యకు తెగ నచ్చింది.

"బాగానే ఉంది బావా. పెళ్ళయినాక దాన్ని ఏ మూల పారేస్తారో ఎవురికి తెలుసు? స్వామిని చీపురు కిందికి తెస్తామా?"

మునెయ్య లెంపలేసుకున్నాడు. చివరికి మందపాటి పసుపు కార్డు ఖాయమైంది. కవరు మీద చిన్న తామరపువ్వు కావాలని సాయిలక్ష్మి అడిగితే, "పెట్టుకో, నీ పెళ్ళే గదా" అంది తల్లి.

ఆనందకుమారి కంప్యూటర్ ముందు కూర్చుని, "ఆహ్వానించేవాళ్ళ పేర్లు చెప్పక్కా" అంది.

చిక్కు అక్కడే వచ్చింది. శేషమ్మ భర్త బతికే ఉన్నాడు. సాయిలక్ష్మిని బడిలో వేసిన ఏడాది పోర్టు పనులకని ముత్తుకూరు వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. పోయిన మనిషైతే పేరు ముందు కీర్తిశేషులని వేస్తారు. బతికుండీ లేని మనిషిని ఏమని వేయాలి?

మునెయ్య గొంతు సవరించుకున్నాడు. "హజరత్తయ్య, వెంకటశేషమ్మ దంపతులు అని కొట్టమ్మా."

"వద్దు" అంది శేషమ్మ.

"తండ్రి పేరు లేకుంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు శేషమ్మా. మగపెళ్ళివాళ్ళ ముందర పిల్ల తలొంచుకోవాల్నా? వాడి పేరు రోతయితే, పెదనాయన్ని నేనున్నా. నా పేరన్నా వెయ్యి."

మునెయ్య చెడ్డవాడు కాదు. తమ్ముడు చేసిన పనికి తాను సిగ్గుపడి, ఇన్నేళ్ళూ పిల్లకు అండగా నిలిచినవాడు. ఆ సంగతి తెలిసినా శేషమ్మకు ఒళ్ళు మండింది.

"కన్యాదానానికి పీటల మీద కూర్చునేది నువ్వూ అక్కే బావా. పెద్దల ఆశీస్సుల్లో మీ పేర్లే పైనుంటాయి. పిలిచేదాన్ని మాత్రం నేనే. మంచులో గుంటగట్టున నిలబడి ఈ పిల్లని సాకినదాన్ని నేను. మగపెళ్ళివాళ్ళు అది తెలిసే సంబంధం కలుపుకున్నారు. వెంకటశేషమ్మ అని కొట్టమ్మా, అంతే."

ఆనందకుమారి ఆ ఒక్క పేరే టైపు చేసింది.

"నాకూ అదే ఇష్టం మా" అంది సాయిలక్ష్మి మెల్లగా. "కానీ నా పెళ్ళని నాయనకి తెలియనే తెలియదు గదా."

పిల్ల ఆ ఊసు ఎత్తకపోతే మరిచిపోయిందనుకుంది శేషమ్మ ఇన్నాళ్ళూ. కోపం తనది, బెంగ పిల్లది. తన కోపంతో పిల్ల బెంగను కప్పిపెట్టానని ఆమెకు అప్పుడు తెలిసింది. అడ్వాన్సు ఇచ్చి ఇంటికి దారితీసింది.

కార్డులొచ్చిన రోజు ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. మొదటి కార్డు పెంచలకోన నరసింహస్వామికి తీసిపెట్టారు. సాయిలక్ష్మి కవర్ల మీద పేర్లు రాస్తుంటే, శేషమ్మ మూలలకు పసుపు రాస్తోంది.

"తర్వాత ఎవురికి మా?"

మొగుడి పేరు నోటితో అనకూడదని నేర్చి పెరిగిన మనిషి శేషమ్మ. శాపనార్థాలు పెట్టిన రోజుల్లో కూడా 'ఆ మనిషి' అనే అన్నది.

"హజరత్తయ్య గారికి. ముత్తుకూరు అని రాయి."

పిల్ల చేతిలో పెన్ను ఆగిపోయింది. మునెయ్య తలెత్తి, "నేను పొయ్యి ఇచ్చొస్తాలే" అన్నాడు.

"నువ్వెందుకు బావా? కార్డులో ఎవురి పేరుంది? నేనే పోతా. ఊరందర్నీ పిలిచినట్టే ఆయన్నీ పిలుస్తా. వస్తే అందరితో పాటు అక్షింతలేసి, కడుపునిండా తిని పోతాడు."

సాయిలక్ష్మి కళ్ళు తుడుచుకుని గుండ్రటి అక్షరాలతో ఆ పేరు రాసింది. శేషమ్మ ఆ కవరు అందుకుని, మిగతావాటికి రాసినట్టే దాని మూలలకూ పసుపు రాసింది.