నేను తిన్న బక్షీసు కూడు

మా మామ పోయినాడన్న కబురు, ఒంటిమిట్ట పక్క పల్లెలో నేను వాక్యం చెబుతుండగా వచ్చింది. కబురు తెచ్చినాయన నా ప్రసంగం ముగిసేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. ఆ రోజు నేను చాలాసేపే అరిచినాను. కడప దాటి మా ఊరు చేరేసరికి మా ఏసు గుడి వెనక ఆయనకు గుంత తవ్వుతున్నారు. బండనేల, గడ్డపార దిగడం లేదు.

నా నోట కాకోలాల సాక్ష్యం విన్నవాళ్ళు మీ ఊళ్ళలో ఎందరో ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. ఒక కరువులో ఊరు విడిచి, మదరాసు నుంచి రంగూను పోయే స్టీమరులో బట్లరుగా చేరినాడు. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయేదాకా దొరల బల్లకు వడ్డించి, ఆ తర్వాత కొర్ర చేను చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయినాడు. గుడిలో ప్రేమవిందు జరిగితే వడ్డన ఆయనదే. ఎవరికైనా సరే, ఎడమ పక్కన వంగి పెట్టేవాడు.

"ఏమప్పా, సంగటి ముద్దక్కూడా దొరల మర్యాదేనా?" అని నవ్వేవాళ్ళు.

"నువ్వు తిను. మర్యాద నేను చూసుకుంటా" అనేవాడు.

ఇంకా ఓడ పనిలో ఉన్న కాలంలోనే, సెలవుకు ఊరొచ్చినప్పుడు, అక్కడి బక్షీసు పద్ధతి ఆయనే నాకు చెప్పినాడు. రేవు చేరే పొద్దున, దొరలు ఫలహారం ముగించి, పళ్ళెం కింద బక్షీసు పెట్టి లేస్తారు. ఆ సమయంలో బట్లరు కిటికీ వైపు తిరిగి, సముద్రం చూస్తూ నిలబడాలి. వచ్చినదంతా ఒక డబ్బాలో పడుతుంది. అందులో గిన్నెలు తోమేవాళ్ళకూ బొగ్గు వేసేవాళ్ళకూ పాలుంటుంది.

"ఇచ్చేవాని చెయ్యి చూడగూడదల్లుడా. తీసుకునేవాని మొహమూ చూడగూడదు. రెండుచోట్లా సిగ్గుంటాది" అన్నాడు.

నేను బడి ముఖం చూసినవాణ్ణి కాను. గ్రంథం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చినవాణ్ణి. అలా నేర్చినవాడికి ప్రతి మాటా కత్తిలాగే కనబడుతుంది. లంచం కళ్ళకు గుడ్డితనం తెస్తుందని మోషే చెప్పినది తీసి ఆయన మీద విసిరినాను. "బక్షీసంటే లంచమే మామా" అన్నాను.

మరుసటి ఏడు, రంగూనులో కూలికి పోయిన మన జనానికి సువార్త చెప్పాలని బయలుదేరినాను. దొరికింది మామ ఉన్న ఓడే. నాది డెక్కు టికెట్టు. మూటలో జొన్న రొట్టెలు. మొదటి రోజే అల ఎగిరిపడి రొట్టెలు ఉప్పునీళ్ళలో నాని ముద్దయిపోయినాయి. మామ తెల్లకోటుతో మెట్లు దిగి వచ్చినాడు.

"అల్లుడా, ఈడ మూడు పొయ్యిలుండాయి. ఒకటి హిందువులది, ఒకటి సాయిబులది. మూడోదాంట్లో ఎవురడిగినా పెడతారు. కూటి చీటీ నేను కొనిస్తా, తిను."

"బక్షీసు కూడు నాకొద్దు. ఉపవాసముంటా."

డెక్కు మీద అందరూ వినేటట్టే అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "సరేలేప్పా" అని మెట్లెక్కిపోయినాడు.

మర్నాడు మధ్యాహ్నం, మూడో పొయ్యి వంటాయన నా ముందు పళ్ళెం పెట్టినాడు. అన్నం, పప్పు, ఎండుచేప ముక్క. ఎవరు పంపినారని అడిగినాను. "ఎవురైతేనేమప్పా, సల్లారిపోతాది తిను" అన్నాడు. మళ్ళీ అడగలేదు. అడిగితే పళ్ళెం వెనక్కి పోతుందేమోనన్న భయం. రేవు చేరేదాకా ఆ పళ్ళెం తప్పకుండా వచ్చింది. కరువులో ఏలీయా ప్రవక్తకు కాకోలాలు, అంటే కాకులు, ఆహారం తెచ్చినట్టు దేవుడు నన్ను పోషించినాడని డెక్కు మీదే ప్రసంగించినాను.

ఆ సాక్ష్యమే నాకు పేరు తెచ్చింది. మా గుడిలో ఎన్నిసార్లు చెప్పినానో. నేను కాకోలాల దగ్గరికి రాగానే మామ కిటికీ వైపు తిరిగిపోయేవాడు. ఒక ఆదివారం నాకు కోపమొచ్చింది. "బక్షీసు తిన్నోళ్ళకు దేవుని అద్భుతం రుచించదు!" అని వేలు చూపించినాను. జనం వెనక్కి తిరిగి ఆయన్ను చూసినారు. ఆయన కిటికీలోనుంచి చేలు చూస్తూ ఉండిపోయినాడు.

ఆ మధ్యాహ్నమే మా అత్త నన్ను ఇంటికి పిలిచింది. కూర్చోమనలేదు.

"కాకులు గాదు నాయనా, మీ మామ. ఆ పయనంలో తన పాలికొచ్చిన బక్షీసంతా నీ కూటి బాకీ కింద ఆ వంటాయనకే ఇచ్చినాడు. నాకు చీర తెస్తానని, ఉత్త చేతుల్తో వచ్చినాడు."

"నాకెందుకు చెప్పలేదత్తా?"

"వాని సాక్ష్యం చెడిపోతాది, వద్దన్యాడు."

ఇది జరిగి రెండేళ్ళు. క్షమించమని అడగడానికి రెండుసార్లు పోయినాను. ఆయన మజ్జిగ ఇచ్చినాడు. వానల గురించి మాట్లాడి వచ్చేసినాను. పొరుగూళ్ళవాళ్ళు అడిగితే, తెలిసి తెలిసీ ఆ కాకోలాల కథ మళ్ళీ చెప్పినాను. లంచం తెచ్చే గుడ్డితనం గురించి అంత చదివినవాణ్ణి, చప్పట్లు తెచ్చే గుడ్డితనం ఎరగకపోయినాను.

ఈ రోజు గుడిలో మామ శవపెట్టె ముందు నన్ను మాట్లాడమన్నారు. "ఆ కాకోలాల సాక్ష్యం చెప్పప్పా. మీ మామ ఆ ఓడలోనే గదా ఉండింది" అన్నాడొక పెద్దాయన. లేచినాను. గ్రంథం తెరిచినాను. ఒక్క అక్షరమూ కంటికి ఆనలేదు. జనమంతా నా వైపే చూస్తున్నారు. ముందు వరసలో మా అత్త ఉంది. ఆమె తలెత్తి నన్ను ఒక్కసారి చూసి, మెల్లగా కిటికీ వైపు తిరిగింది.

గ్రంథం మూసినాను. "ఆ పళ్ళెం తెచ్చింది కాకోలాలు గాదు" అన్నాను.

చెప్పడం ముగిసేదాకా ఆమె ఇటు తిరగలేదు. కిటికీ అవతల ఆయన చేలో కొర్ర కంకులు బరువుగా వంగి ఉన్నాయి.