ఆపి ఉంచిన మెయిళ్లలో ఒకటి

2011లో మా ఆఫీసు మాదాపూర్‌లో, ఒక అద్దాల భవనం ఐదో అంతస్తులో ఉండేది. ఆసుపత్రి యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ మాది. నేను సపోర్ట్ ఇంజనీర్‌ని. అది జీతమిచ్చే పని. జీతం లేని పని ఇంకొకటి ఉండేది, నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ ఇష్టం. ఆసుపత్రుల్లో యంత్రాలు బాగుచేసే ఇంజనీర్లూ టెక్నీషియన్లూ కలిసి మాట్లాడుకునే ఈమెయిల్ లిస్టుకు నేను ఓనర్‌ని. ఓనర్ అంటే ఆస్తి ఏమీ లేదు, చాకిరీ మాత్రం ఉంది.

ఫోన్లలో గ్రూపులు అలవాటైన వాళ్లకు ఈ లిస్టుల సంగతి కొంచెం చెప్పాలి. లిస్టుకు ఒకటే అడ్రసు. దానికి మెయిల్ రాస్తే సభ్యులందరికీ వెళ్తుంది. చేరాలంటే సబ్‌స్క్రైబ్ చేసుకోవాలి, తిరిగి వచ్చే కన్ఫర్మేషన్ మెయిల్‌కు జవాబివ్వాలి. మెయిళ్లు ఒక్కొక్కటిగా కావాలా, రోజు మొత్తం మీద వచ్చినవన్నీ కలిపి సాయంత్రం ఒకే కట్టగా కావాలా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఆ కట్టను డిజెస్ట్ అంటారు. ఊరికి వెళ్తుంటే మెయిళ్లు తాత్కాలికంగా ఆపుకోవచ్చు. మానుకోవాలంటే ప్రతి మెయిల్ అడుగున లింకు ఉంటుంది. ఇంత చక్కని ఏర్పాటు చేసినా, ప్రాణాలు నిలబెట్టే యంత్రాలను విప్పి బిగించే ఈ మహానుభావులు ఆ లింకు నొక్కకుండా "నన్ను లిస్టులోంచి తీసేయండి" అని సభ్యులందరికీ రాసేవాళ్లు. మరో అలవాటు ఇంకా విచిత్రం. లిస్టు అడ్రసు ఎవరికీ గుర్తుండదు. కొత్త సంగతి రాయాలన్నా లిస్టు నుంచి వచ్చిన ఏదో ఒక మెయిల్ తెరిచి, రిప్లై కొట్టి, పాత సబ్జెక్టు అలాగే ఉంచి రాసేవాళ్లు. దీని గురించి నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు.

ఆ రోజుల్లో తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉంది. బంద్‌లు, రాస్తారోకోలు, రైళ్లు ఆపడాలు. ఆ వేడి లిస్టులోకి రాకుండా ఎలా ఉంటుంది? సభ్యుల సమావేశానికి తేదీ అనుకుంటే అది కాస్తా బంద్ రోజైంది. కూకట్‌పల్లిలో ఉండే ప్రసాదరావు గారు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడి, ఆసుపత్రి ఫ్రిజ్జులు బాగుచేస్తూ రిటైరైన సర్వీస్ ఇంజనీరు, "ఈ బంద్‌లు పనీపాటా లేనివాళ్ల వ్యవహారమండి" అని రాశారు. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా ఆసుపత్రి టెక్నీషియన్ సమ్మయ్య వెంటనే అందుకున్నాడు. మా వాళ్లందరూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు. అయినా ఆ యాస నాకు వినపడింది. "మా పిల్లలు నౌకరీల కోసం రోడ్డు మీదికొచ్చిన్రు సార్. పని లేక గాదు, పని గావాలని. మీరు ఫ్రిజ్జులు బాగుచేయుండ్రి, మమ్ముల బాగుచేసుడు మాకిడిసిపెట్టుండ్రి."

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఐదు నిమిషాల్లో సమ్మయ్య పేరు పక్కన మోడరేషన్ టిక్కు పెట్టేశాను. ఆ టిక్కు ఉంటే ఆ మనిషి మెయిల్ నేరుగా లిస్టుకు వెళ్లదు. నా దగ్గర ఆగుతుంది, నేను చూసి అప్రూవ్ చేస్తేనే కదులుతుంది. ప్రసాదరావు గారికేమో "దయచేసి రాజకీయాలు వద్దండి" అని విడిగా మర్యాదగా రాసి ఊరుకున్నాను. పెద్దాయన కదా అనుకున్నాను. మాది గుడివాడ దగ్గర పల్లె. ఆ సంగతికీ దీనికీ సంబంధం లేదని అప్పుడు నన్నెవరైనా అడిగితే ఒట్టేసి చెప్పేదాన్ని. నెల చూసి టిక్కు తీసేద్దామనుకున్నది మూడు నెలలైంది. సమ్మయ్య మెయిల్ వచ్చినప్పుడల్లా అప్రూవ్ నొక్కేదాన్ని గానీ టిక్కు తీయలేదు.

ఆ తర్వాత వచ్చిన ఒక పెద్ద బంద్ రోజు సంగతి ఇది. కొండాపూర్ నుంచి పొద్దున్న పదింటికి స్కూటర్ మీద బయల్దేరితే రోడ్ల మీద కుక్కలూ నేనూ తప్ప ఎవరూ లేరు. గేటు దగ్గర సెక్యూరిటీ యాదగిరి ఆశ్చర్యంగా చూశాడు.

"ఏంది మేడం, బంద్ నాడు గూడ ఒస్తరా? ఇయ్యాల క్యాంటీన్ గిట్ల ఏం లేదు. ఒక్కలే ఉంటరు మల్ల."

"సర్వర్ చూసుకోవాలి యాదగిరీ, ఇంటి నుంచి కుదరదు."

"జర లోపట్నే ఉండుండ్రి. ఏమన్న ఉంటె నేనొచ్చి చెప్త, ఫికర్ జెయ్యకుండ్రి."

సిస్టం తెరిచాను. ఇన్‌బాక్స్‌లో వందల మెయిళ్లు, చూస్తుండగానే పెరుగుతున్నాయి. జరిగింది ఏమిటంటే, బంద్ అని తెలిసి ముందురోజు సాయంత్రం చాలామంది ఆటో-రిప్లై పెట్టుకున్నారు. "బంద్ కారణంగా ఆఫీసులో లేను" అని యంత్రమే ఇచ్చే జవాబు అది. పొద్దున్న ఎవరో లిస్టుకు ఒక మామూలు మెయిల్ రాశారు. వీళ్ల యంత్రాలు జవాబిచ్చాయి. ఆ జవాబులు లిస్టుకే వెళ్లి మళ్లీ అందరికీ చేరాయి. వాటికి మిగతా యంత్రాలు తమ జవాబులు ఇచ్చుకున్నాయి. మనుషులందరూ ఇళ్లలో ఉంటే వాళ్ల యంత్రాలు ఒకదానికొకటి "నేను లేను, నేను లేను" అని చెప్పుకుంటున్నాయి!

వెంటనే ఎమర్జెన్సీ మోడరేషన్ వేశాను. ఇక ఎవరి మెయిల్ అయినా సరే, నా అనుమతి లేకుండా కదలదు. తుఫాను ఆగింది. దారిలో ఉన్నవన్నీ వచ్చి నా పేజీలో కుప్పపడ్డాయి. మూడు వందలకు పైనే. పేజీ అడుగున ఒక బటన్ ఉంటుంది: డిస్కార్డ్ ఆల్. ఒక్క నొక్కుతో ఆపి ఉంచినవన్నీ చెత్తబుట్టలోకి. మౌస్ దాని మీదికి తెచ్చాను.

వేలు కిందికి దిగేలోపు పక్కన ఉన్న సైజుల వరుస కంటపడింది. అన్నీ రెండేసి, మూడేసి కేబీలు. మధ్యలో ఒకటి మాత్రం వాటికి వందల రెట్లు. సబ్జెక్టు అన్నిటికీ ఉన్నదే: రీ, ఔటాఫ్ ఆఫీస్. "ఎవడ్రా వీడు, ఆటో-రిప్లైకి ఫోటో తగిలించాడు" అని ఒళ్లు మండింది. గట్టిగా నాలుగు పెట్టాలని తెరిచాను. పంపినవాడు సమ్మయ్య. మళ్లీ ఇతనే అనుకున్నాను.

"సార్లకు నమస్తే. మా బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్జు ఖరాబైంది. ఆరు డిగ్రీలు దాటద్దు, ఎనిమిది చూపెడ్తుంది. కంపెనీ ఇంజనీరు హైదరాబాద్ల ఉన్నడు, రోడ్లన్ని బంద్. రక్తం బ్యాగులు టీకాల ఐసు డబ్బాల పెట్టిన. అయి మధ్యాహ్నం దాకనే ఆగుతయి. రెండుగొట్టంగ ఒక కాన్పు ఆపరేషన్ ఉంది, ఆమెకు రక్తం తక్కువున్నది. బయటికెళ్లి తెచ్చే తొవ్వ లేదు. ఎవరన్న జెప్పుండ్రి." కింద ఫ్రిజ్ వెనకాల ఉండే నేమ్‌ప్లేట్ ఫోటో.

మెయిల్ వచ్చి నలభై నిమిషాలైంది, నా టిక్కు వల్ల ఇక్కడే ఆగిపోయింది. దాని కింద ఆసుపత్రి ల్యాండ్‌లైన్ నంబరుంటే చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మెయిల్ అప్రూవ్ చేసి లిస్టుకు వదిలాను. సమాధానాలు వచ్చాయి: ఆటో-రిప్లైలు, ఇంకో గంపెడు. మనిషి రాసింది ఒక్కటీ లేదు.

ఫ్రిజ్జుల కంప్రెసర్లంటే మా లిస్టులో ఒక్కటే పేరు, ప్రసాదరావు గారు. ఆయన ఎందుకు పలకలేదా అని ఆయన సబ్‌స్క్రిప్షన్ పేజీ తెరిచాను. డిజెస్ట్! ఆయనకు సాయంత్రం కట్టలోగానీ ఈ మెయిల్ అందదు. ఫోన్ నంబరు నా దగ్గర లేదు, లిస్టులో ఈమెయిల్ అడ్రసు తప్ప ఏదీ ఉండదు. నేను విడిగా రాసినా నా పేరు చూసి, మళ్లీ రాజకీయాల మీద పాఠమేమో అని పక్కన పెట్టొచ్చు. అప్పుడు గుర్తొచ్చింది, ఓనర్ పేజీలో ఏళ్ల తరబడి నేను ముట్టుకోని ఒక ప్రశ్న: డిజెస్ట్ ఇప్పుడే పంపాలా? అవును అని నొక్కి, ఇకపై మెయిళ్లు ఒక్కొక్కటిగా వెంటనే అందేలా ఆయన డిజెస్ట్ కూడా తీసేశాను. విడిగా కూడా రెండు ముక్కలు రాశాను. ఏది ముందు చూస్తే అది.

తొమ్మిది నిమిషాలు. గోడ మీద గడియారాన్ని అంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు. తర్వాత కొత్త మెయిల్, పంపినవారు ప్రసాదరావు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"డిజెస్ట్ పొద్దున్నే వచ్చిందేమిటా అని తెరిచానండి. సమ్మయ్య గారూ, ఐసు నేరుగా బ్యాగులకు తగలకుండా మధ్యలో గుడ్డ వేశారా? ఇక కంప్రెసర్ దగ్గర చెవి పెట్టి వినండి. నాకు వినికిడి బాగా తగ్గిందండి, ఫోనులో కుదరదు. నా బదులు మీరు వినాలి. టిక్కుమని ఆగిపోతోందా, అసలు శబ్దమే లేదా?"

పాత గొడవ ప్రస్తావన ఒక్క అక్షరం లేదు. అప్రూవ్. ఎమర్జెన్సీ మోడరేషన్ తీస్తే తుఫాను మళ్లీ లేస్తుంది, కాబట్టి ప్రతి మెయిల్‌నీ నేనే చేత్తో దాటించాలి. ఇద్దరూ నేరుగా రాసుకోవచ్చు కదా అంటారు. సమ్మయ్యకు తెలిసింది రిప్లై ఒక్కటే. ఆ హడావిడిలో అడ్రసు మార్చుకోమని చెప్పి అతన్ని తికమక పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

"టిక్కుమంటది సార్. జరసేపు గుర్రుమంటది, బందయితది. మల్ల టిక్కు." అప్రూవ్.

"అయితే కంప్రెసర్ బతికే ఉందండి. దాన్ని మొదట కదిలించే స్టార్ట్ కెపాసిటర్ పోయుంటుంది. ప్లగ్గు తీసేసి, దాని మీద రాసిన అంకె చెప్పండి. ముట్టుకునే ముందు అందులో మిగిలిన కరెంటు పోగొట్టడం మరవకండి." అప్రూవ్.

సమ్మయ్య అంకె పంపాడు. కెపాసిటర్ పైన ఉబ్బి ఉందట. కొత్తది కొందామంటే ఊళ్లో దుకాణాలన్నీ మూత. నేను గోళ్లు కొరుక్కుంటున్నాను. బిస్కెట్ పొట్లం తెరిచి పక్కనే పెట్టుకున్నాను గానీ ఒక్కటీ నోట్లోకి వెళ్లలేదు.

"వరండాలో మంచినీళ్ల కూలర్ ఉందాండీ? స్టీలుది, పెద్దది? దాని వెనక రేకు విప్పి చూడండి."

ఇరవై నిమిషాలైనా సమ్మయ్య నుంచి మెయిల్ లేదు. ఈలోగా ఇళ్లలో ఉన్నవాళ్లు కంప్యూటర్ల ముందుకు చేరుతున్నారు. తలా ఒక సలహా. పనికొచ్చేవి వదిలాను, "నన్ను లిస్టులోంచి తీసేయండి" అని ఆ సమయంలో రాసిన మహానుభావుణ్ని నేనే స్వయంగా, సంతోషంగా తీసేశాను.

పన్నెండు దాటాక వచ్చింది.

"పెద్దసారూ! అదే అంకె! కూలర్ది తీసి పెట్టిన. నడుస్తున్నది!"

ఎవరూ లేని ఆ అంతస్తులో నేను గట్టిగా అరిచాను. యాదగిరి పరుగున పైకొచ్చాడు.

"ఏమైంది మేడం? ఎవలన్న ఒచ్చిన్రా?"

"నడుస్తోంది యాదగిరీ! ఫ్రిజ్ నడుస్తోంది!"

అతను మా క్యాంటీన్ ఫ్రిజ్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి తల గోక్కున్నాడు. కూర్చోబెట్టి సంగతంతా చెప్పి బిస్కెట్లు ఇచ్చాను. ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. సమ్మయ్య మెయిల్‌కు ఒక్క అంకె చొప్పున పంపుతున్నాడు. ఏడు. ఆరు. ఐదు. యాదగిరి ప్రతి అంకెకూ చప్పట్లు కొట్టాడు. నాలుగు దగ్గర నిలబడింది. అప్పటికి ఇంకా ఒంటిగంటన్నరే. బ్యాగులు మళ్లీ ఫ్రిజ్‌లోకి చేరాయి, ఐసు పెట్టెల్లోనూ అవి హద్దు దాటలేదు. సాయంత్రం ఇంకో మెయిల్: "తల్లి, బిడ్డ మంచిగున్నరు. ఆడపిల్ల. కూలర్ నీళ్లు సల్లగ లేవని అందరు నన్ను తిడుతున్నరు." వీటన్నిటి సబ్జెక్టూ చివరిదాకా ఒకటే: ఔటాఫ్ ఆఫీస్.

ఆ సాయంత్రమే టిక్కు తీశాను. తీసి, సమ్మయ్యకు విడిగా రాశాను. "ఆ రోజు మాట ఇద్దరిదీ, శిక్ష మీ ఒక్కరికే వేశాను. ఒకరి కోపం నాకు పెద్దరికంలా కనపడింది, మీ కోపం దురుసులా కనపడింది. తప్పు నాది, క్షమించండి" అన్నాను. అలా రాయడం తేలిక కాలేదు, రాశాక మాత్రం మనసు తేలికపడింది.

మర్నాడు జవాబొచ్చింది. "టిక్కు సంగతి నాకెర్కనే మేడం. మెయిల్ రాసినప్పుడల్ల 'మోడరేటర్ చూడాలె' అని నాకు ఒస్తుండె. మొదట మస్తు కోపమొచ్చింది. గని మూడు నెలల్ల నా మెయిల్ ఒక్కటి గూడ ఆగలే, జర ఆలస్యమన్న పోయింది. గందుకే నిన్న పరేషాన్ల గూడ ఫోన్లు ఇడిసిపెట్టి లిస్టుకే రాసిన. ఇంకెవ్వలు సూడకున్నా మీరైతే తెరిచి సదువుతరని నాకు నమ్మకం."

లిస్టు నడపడం గురించి నాకు తెలిసిందంతా ఆ చివరి వాక్యంలో ఉంది. ఒకరి మాటను ఆపే అధికారం చేతిలో ఉందంటే, దాన్ని చదివే బాధ్యత కూడా చేతిలో ఉన్నట్టే. ఆ తర్వాత ఎన్ని వందలు కుప్పపడినా ఒక్కొక్కటీ తెరిచే చూశాను, డిస్కార్డ్ ఆల్ మళ్లీ ముట్టుకోలేదు. టిక్కులు పెడితే ఇద్దరికీ పెట్టాను, తీసే తేదీ క్యాలెండర్‌లో రాసుకున్నాను.

కానీ సమ్మయ్యకు ఒక్క సంగతి దాచాను. చదువుదామని కాదు, తిడదామని ఆ మెయిల్ తెరిచానని. ఫోటో లేకపోతే పారేసేదాన్నని. "మీ నమ్మకానికి ధన్యవాదాలు" అని రాసి ఊరుకున్నాను. అతను ఇప్పటికీ లిస్టులో ఉన్నాడు. అందుకే ఇది మీకంటే ముందు లిస్టుకే పంపాను, సబ్జెక్టులో అతని పేరు పెట్టి.